బాగీలకు పేరు పెట్టేదెవరు?

"వాడు టీచరుకి పితూరీలు చెప్తాడు" అంటారు బడి పిల్లలు. ఇద్దరి మధ్య ఉన్న సంగతిని మూడో మనిషి చెవిలో వేసి తగవు పెట్టేవాడు పితూరీలు చెప్పేవాడు. అత్తాకోడళ్ల గొడవల్లోనూ, ఆఫీసుల్లోనూ ఈ మాట ఇదే అర్థంతో తిరుగుతోంది. చిన్న మాట, కాస్త నీచమైన మాట. కానీ నూరేళ్ల కిందట గోదావరి, విశాఖ మన్యాల నుంచి ఈ మాట వినబడితే కలెక్టర్లకు నిద్ర పట్టేది కాదు. అప్పుడు పితూరీ అంటే సర్కారు మీద తిరుగుబాటు.

ఈ మాట పుట్టుకతో తెలుగుది కాదు. ఉర్దూలో ఇది ‘ఫుతూర్’, వాడుకలో ‘ఫితూర్’. అరబ్బీలో దీని అసలు అర్థం నీరసం, మందగించడం, వేడి చల్లారడం. ఫార్సీ, ఉర్దూలకు వచ్చేసరికి లోపం, గడబిడ అనే అర్థాలు వచ్చి చేరాయి. "ఇస్ కే దిమాగ్ మే ఫితూర్ హై" అంటే వీడి బుర్రలో ఏదో తేడా ఉందని. దఫ్తర్ భాషలో బుర్రలో తేడా కాస్తా రాజ్యంలో తేడాగా మారింది. తహసీల్దార్, సిరస్తాదార్, జమాబందీ, ఫసలీ వంటి మాటలతో పాటు ఈ మాటనూ నవాబుల దఫ్తర్ల నుంచి కంపెనీ దొరలు తీసుకున్నారు. మద్రాసు సర్కారు తన ఇంగ్లీషు రికార్డుల్లో కూడా దీన్ని తర్జుమా చేయకుండా అలాగే రాసుకుంది. తెలుగు నాలుక మీద ‘ఫ’ కాస్తా ‘ప’ అయింది, తిరగబడినవాడు పితూరీదారు అయ్యాడు.

సర్కారుకు ఈ మాట ఎందుకు అంత పనికొచ్చిందో ఆలోచించండి. తిరుగుబాటు అంటే వెంటనే ఎవరి మీద, ఎందుకు అని అడగాలనిపిస్తుంది. ఫితూర్ అంటే ఆ ప్రశ్న రాదు. బుర్ర చెడినవాడిని కారణం ఏమిటని ఎవరడుగుతారు?

1879 మార్చిలో రంపలో మొదలైనదానికి మాత్రం కారణాలు చాలానే ఉన్నాయి. కొండవాళ్లు తమ చెట్ల కల్లు తామే గీసుకుని తాగేవారు. సర్కారు ఆబ్కారీ కాంట్రాక్టులు తెచ్చింది, దానితో చిగురుపన్ను పడింది. మన్సబ్‌దారు మనుషులు, పోలీసులు కలిసి ఆ పైన మరింత పిండారు. మైదానాల నుంచి వచ్చిన షావుకార్లు కొండవాళ్ల చేత కాగితాలు రాయించుకుని, కింద ఎక్కడో ఉన్న కోర్టుల్లో వాళ్లు లేకుండానే డిక్రీలు పొంది, కొద్దిపాటి అప్పుకు పశువుల్ని తోలుకుపోయారు. మన్సబ్ అంటే హోదా. అదే దఫ్తర్ భాష రంప దొరకు మన్సబ్ ఇచ్చింది, అతని కింద నలిగినవాళ్లకు ఫితూర్ ఇచ్చింది. తిరుగుబాటును అణచడానికి మద్రాసు పదాతి దళానికి చెందిన ఆరు రెజిమెంట్లు చాల్లేదు, హైదరాబాద్ కంటింజెంట్ నుంచి కూడా ఫౌజును తెప్పించారు. బుర్రలో తేడా ఉన్నవాళ్ల మీదికి ఎవరూ ఇంత సైన్యాన్ని పంపరు. నాయకుల్లో ఒకడైన తమ్మన్న దొరను 1880లో కాల్చి చంపారు. చాలామందిని అండమాన్‌కు పంపారు.

నలభై ఏళ్లు గడిచాక, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా దాడి చేసి తుపాకులు పట్టుకెళ్లినప్పుడు కూడా రికార్డుల్లోకి ఎక్కింది ఫితూరీ అనే మాటే. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ఆయన్ను కాల్చారు. ఇప్పుడు ఆయన పేరు మీద ఒక జిల్లానే ఉంది. ఆయన్ని పితూరీదారు అనే ధైర్యం ఎవరూ చేయరు, మన్యం వీరుడు అంటారు. తమ్మన్న దొరకు ఆ భాగ్యం దక్కలేదు. ఆయన ఇప్పటికీ ‘రంప పితూరీ’ అనే ముక్కలోనే, దొరలు పెట్టిన పేరులోనే బతికి ఉన్నాడు.

ఉర్దూలో తిరుగుబాటుదారుకు అందరికీ తెలిసిన మాట ‘బాగీ’. బగావత్ చేసేవాడు బాగీ. హద్దు దాటడం అనే అర్థమున్న అరబ్బీ ధాతువు నుంచి వచ్చింది. ఇది మెచ్చుకోలు మాట కాదు. అయితే దీని వెనుక ఒక సంగతి ఉంది, మన మదర్సాల బయట దాన్ని పెద్దగా ఎవరూ చెప్పుకోరు. ఫిఖా, అంటే ఇస్లామీ ధర్మశాస్త్ర గ్రంథాల్లో, బాగీల గురించి ప్రత్యేకంగా ఒక చర్చ ఉంటుంది. హాకిం మీద తిరగబడ్డవాళ్లకు కొంత జనబలం, తమ తిరుగుబాటుకు తాము చెప్పుకునే ఒక కారణం ఉంటే వాళ్లను దారిదోపిడీగాళ్లుగా చూడకూడదు. ఆ కారణాన్ని ‘తావీల్’ అంటారు. ఆ తావీల్ తప్పే కావచ్చు. అయినా ఓడిన తర్వాత వాళ్ల ఆస్తిని గనీమత్‌గా పంచుకోకూడదు, వాళ్ల ఆలుబిడ్డల్ని బానిసలు చేయకూడదు. కారణం చెప్పేవాడికీ దొంగకూ తేడా ఉందని చట్టం ఒప్పుకుందన్నమాట. సుల్తానులు దీన్ని ఎంతవరకు పాటించారంటారా? తారీఖ్ చదివినవాళ్లెవరికీ ఆ విషయంలో భ్రమలు ఉండవు. కానీ మాట ఉంది, మాట వెనుక ఒక హద్దు ఉంది.

1857లో కంపెనీ దొరలు ఆ తేడాను చెరిపేశారు. వాళ్ల ఉత్తరాల్లో బాగీలతో సమానంగా కనిపించే మాట ‘బద్మాష్’. బద్ అంటే చెడు, మఆష్ అంటే బతుకుదెరువు. చెడ్డ బతుకుదెరువు ఉన్నవాడు బద్మాష్. అంటే తిరగబడటం వాడి వృత్తి, కారణం వెతకనక్కర్లేదు. ఇక్కడ సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సంగతి చెప్పాలి. ఆయన కంపెనీ నౌకరు, బిజ్నోర్‌లో ఇంగ్లీషువాళ్ల ప్రాణాలు కాపాడినవాడు. బిజ్నోర్ జిల్లా సంఘటనల మీద రాసిన పుస్తకానికి పేరులోనే ‘సర్కషీ’ అన్నాడు. సర్ అంటే తల, కషీ అంటే లాగడం. కాడి కిందనుంచి తల గుంజుకునే ఎద్దు గుర్తొస్తుంది. కానీ ఆ వెంటనే రాసిన రెండో పుస్తకానికి ‘అస్బాబె బగావతె హింద్’ అని పేరు పెట్టాడు. అస్బాబ్ అంటే కారణాలు. బగావత్ అనే మాటను వదల్లేదు, కానీ దాని పక్కన కారణాలు అనే మాటను తెచ్చి కూర్చోబెట్టాడు. చట్టాలు చేసే చోట హిందుస్తానీలు ఒక్కరూ లేకపోవడమే అసలు కారణమని హుకూమత్‌కు ముఖం మీదే చెప్పాడు. సర్ సయ్యద్ రాజకీయాలతో నాకు చాలా పేచీలున్నాయి. ఆ ఒక్క మాట పెట్టినందుకు మాత్రం సలాం చేస్తాను.

1857 జులై 17 శుక్రవారం నాడు హైదరాబాదులో ఏం జరిగిందో మన పిల్లల పుస్తకాల్లో ఒక పేరా కూడా ఉండదు. ఔరంగాబాద్ ఫౌజు నుంచి తప్పించుకు వచ్చిన జమాదార్ చీదా ఖాన్‌ను దీవాన్ సాలార్ జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. అతణ్ణి విడిపించాలని తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ కొన్ని వందలమందితో రెసిడెన్సీ మీదికి వెళ్లారు. అదే తర్వాత కోఠి మహిళా కళాశాల అయిన భవనం. రాత్రంతా కాల్పులు. రెసిడెన్సీ ఫిరంగుల ముందు వీళ్లు నిలవలేకపోయారు. మౌల్వీ సాబ్‌ను అండమాన్ పంపారు, ఆయన మళ్లీ ఇల్లు చూడలేదు. తుర్రెబాజ్ ఖాన్‌కూ కాలాపానీ శిక్షే వేశారు గానీ ఆయన 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. కొద్దిరోజుల్లోనే తూప్రాన్ దగ్గర పట్టుకుని చంపేశారు. శవాన్ని తెచ్చి నగరంలో జనం చూసేలా వేలాడదీశారు. నిజాముకు 1860లో 50 లక్షల అప్పు మాఫీ అయింది, కొన్ని జిల్లాలు తిరిగొచ్చాయి.

"నువ్వేమన్నా పెద్ద తుర్రంఖాన్ అనుకుంటున్నవా?" ఈ మాట తెలంగాణలో అననివాళ్లు, అనిపించుకోనివాళ్లు ఉండరు. ఆ తుర్రంఖాన్ మన తుర్రెబాజ్ ఖానే అని హైదరాబాదీల నమ్మకం. ఉత్తరాది హిందీలోనూ ఈ మాట ఉంది, తుర్రా అంటే తలపాగా కుచ్చు, కాబట్టి కుచ్చు ఎగరేసే బడాయికోరు అనే అర్థం విడిగానే పుట్టి ఉండవచ్చు కూడా. నాకు మాత్రం హైదరాబాదీల నమ్మకమే ఇష్టం, అందులో కొంచెం బాధ ఉన్నా సరే. కోఠిలో ఆయన పేరు మీద ఒక రోడ్డు, ఒక స్మారకం ఉన్నాయి. బస్సు కోసం పరుగెత్తేవాళ్లు వాటిని చూడరు. జనం నోట్లో ఆయన వెటకారంగా మిగిలాడు. రెసిడెన్సీ మీదికి వెళ్లిన మొనగాడు కాస్తా లేని గొప్పలు పోయేవాడయ్యాడు.

1857కి ఉర్దూలో స్థిరపడిన పేరు ‘గదర్’. అరబ్బీలో గద్ర్ అంటే నమ్మకద్రోహం. అదే ధాతువు నుంచి వచ్చింది గద్దార్, ద్రోహి. కంపెనీ ఉప్పు తిన్న సిపాయిలు నమక్ హరామ్ అయ్యారని ఆ పేరు పెట్టారు. పాపం మన పెద్దలు కూడా "గదర్ రోజుల్లో" అని ఏదో తుఫాను గురించి చెప్పినట్టు చెప్పుకునేవారు. పాత తెలుగు పుస్తకాల్లో అది ‘సిపాయిల పితూరీ’. దొరలు పెట్టిన రెండు పేర్లు, రెండు భాషల్లో.

ఆ పేరును తలకిందులు చేసింది సముద్రాల అవతల ఉన్నవాళ్లు. 1913లో అమెరికా పశ్చిమ తీరంలో రంపపు మిల్లుల్లో, పొలాల్లో పనిచేసే పంజాబీలు, చదువుకోవడానికి వెళ్లిన కుర్రాళ్లు కలిసి ఒక పార్టీ పెట్టారు. సోహన్ సింగ్ భక్నా అధ్యక్షుడు, లాలా హర్‌దయాళ్ కార్యదర్శి. 1913 నవంబర్ 1న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వాళ్ల పత్రిక వచ్చింది, మొదట ఉర్దూలో, ఆ తర్వాత గురుముఖిలో. దాని పేరు ‘గదర్’. మా పేరూ అదే, మా పనీ అదే అని మొదటి సంచికలోనే చెప్పుకున్నారు. మీరు మమ్మల్ని ద్రోహులన్నారు కదా, సరే, అలాగే పిలవండి అన్నట్టు. భోపాల్ మౌల్వీ బర్కతుల్లా వాళ్లలో ఉన్నాడు. మన తెలుగువాడు దరిశి చెంచయ్య ఉన్నాడు. చదువుకోవడానికి వెళ్లి పార్టీలో చేరి, జైళ్లు తిరిగి వచ్చి, ఆ కథంతా ‘నేనూ – నా దేశం’లో రాశాడు. సిపాయిల మీద తిట్టుగా పడిన మాట యాభై ఆరేళ్లలో పత్రిక నుదుటి మీద బొట్టయింది.

ఆ పార్టీ పేరునే తన పేరుగా పెట్టుకున్నాడు గుమ్మడి విఠల్ రావు. తెలుగులో అది ‘గద్దర్’ అయింది. ఉర్దూ చెవికి ఆ ఒత్తు వల్ల గదర్ కంటే గద్దారే దగ్గరగా వినిపిస్తుంది. ఆ ఒత్తుతోనే ఆయన యాభై ఏళ్లు పాడాడు. ఇప్పుడు తెలంగాణ సర్కారు సినిమావాళ్లకు ఇచ్చే అవార్డు ఆయన పేరు మీద ఉంది. అంటే సర్కారే ద్రోహి అనే మాటతో సత్కారం చేస్తోంది! గద్దర్ పుట్టిన ఊరు ఏదో తెలుసా? తూప్రాన్. తుర్రెబాజ్ ఖాన్ నెత్తురు పడిన చోటే.

ఇన్‌ఖిలాబ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కల్బ్ అంటే తిప్పడం, అందులోంచి వచ్చింది. పాత ఉర్దూలో కాలం తిరగబడటం, దశ మారడం అనే మామూలు అర్థంలో వాడేవారు. 1921లో మౌలానా హస్రత్ మోహానీ దానికి జిందాబాద్ తగిలించాడు. 1929లో అసెంబ్లీలో భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ నోట అది దేశమంతా మోగింది. మోడరన్ రివ్యూ సంపాదకుడు రామానంద ఛటర్జీ ఆ నినాదాన్ని ఎగతాళి చేస్తే, జైలు నుంచే ఆ మాటకు అర్థం వివరిస్తూ వాళ్లిద్దరూ జవాబు రాశారు. తమ మాటకు తామే అర్థం చెప్పే హక్కు కోసం ఉరికంబం నీడలో ఉన్నవాళ్లు కాగితం, కలం తీసుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

అన్ని మాటలూ కింద నుంచి పైకి పోవు. పై నుంచి కిందికి పడ్డ మాట ‘రజాకార్’. రజా అంటే ఇష్టం, సమ్మతి. కార్ అంటే పని. ఇష్టపూర్వకంగా పనిచేసేవాడు, స్వచ్ఛంద సేవకుడు. ఇప్పటికీ ఉర్దూ అఖ్బారు తెరిస్తే వరద బాధితులకు రొట్టెలు పంచిన రజాకార్లు కనిపిస్తారు, రజాకారానా రక్తదానం చేసినవాళ్లు కనిపిస్తారు. కానీ ఈ మాటను తెలంగాణలో నోరెత్తి పలకలేం. ఖాసిం రజ్వీ మనుషులు 1947, 48లలో ఆ మాటను నెత్తుట్లో ముంచారు. పరకాల, బైరాన్‌పల్లి ఊళ్ల పేర్లు చెబితే చాలు. అది జుల్మ్. దాన్ని జుల్మ్ అనడానికి ఏ ముసల్మానూ తడబడకూడదు. ఆ జుల్మ్‌ను అప్పుడే జుల్మ్ అన్నవాడు షోయబుల్లా ఖాన్, ‘ఇమ్రోజ్’ సంపాదకుడు. 1948 ఆగస్టులో కాచిగూడలో ఇంటికి పోతుంటే చెయ్యి నరికి, కాల్చి చంపారు. అవే రోజుల్లో మఖ్దూం మొహియుద్దీన్ నిజాముకు ఎదురుగా, కమ్యూనిస్టుల వైపున ఉన్నాడు.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. వాళ్లంతా రజాకార్లేనా? రజ్వీ మొహం కూడా చూడని రైతులు, నేతగాళ్లు, గుమస్తాలు అందులో ఉన్నారు. మీద పడ్డ ఒక మాట వాళ్ల ప్రాణాలు తీసింది. తెలంగాణలో ముస్లిం ఇంట్లో పుట్టిన పిల్లాడు ఏదో ఒక రోజు ఈ మాట వింటాడు. నేనూ విన్నాను, బళ్లో, రజాకార్లు ఎవరో తెలియకముందే. షోయబుల్లా ఖాన్ వారసుడివిరా అని మాత్రం నన్నెవరూ అనలేదు.

ఈ మాటకు ఇంకో మజిలీ కూడా ఉంది. 1971లో తూర్పు బెంగాల్‌లో పాకిస్తాన్ ఫౌజుకు సాయపడిన దళాల పేరూ రజాకారే. అక్కడా అది తిట్టు. 2024 జులై 14న రిజర్వేషన్ల మీద నిరసన తెలుపుతున్న విద్యార్థుల గురించి మాట్లాడుతూ షేక్ హసీనా ఆ మాట తెచ్చారు. ఆ రాత్రే ఢాకా యూనివర్సిటీ పిల్లలు వీధుల్లోకి వచ్చి, అవును మేం రజాకార్లమే అని వెటకారంగా నినాదాలిచ్చారు. తాతల కాలం నాటి నేరాన్ని తమకు అంటగడితే ఒప్పుకోబోమని చెప్పడానికి వాళ్లకు దొరికిన దారి అది. యాభై ఏళ్లుగా బాకులా వాడిన మాట ఒక్క రాత్రిలో మొండిబారింది. 1971లో అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లలో ఆ నినాదం ఎలా వినబడి ఉంటుందో కూడా ఆలోచించాలి. ఆగస్టు 5న హసీనా దేశం విడిచి వెళ్లారు.

మన దేశంలో 2021 ఫిబ్రవరి 8న రాజ్యసభలో ప్రధానమంత్రి ‘ఆందోళన్‌జీవి’ అనే కొత్త మాట పుట్టించారు, వాళ్లను పరాన్నజీవులతో పోల్చారు. చెడ్డ బతుకుదెరువు ఉన్నవాడు అనే పాత బద్మాష్‌కు సంస్కృతం బట్టలు తొడిగినట్టు అనిపించింది నాకు. రైతులు ఆ మాటనూ తీసుకుని తమ మీద తామే వేసుకున్నారు. తెలుగులో మరో తమాషా ఉంది. "ఆందోళన చేస్తున్నాం" అంటే పోరాటం, "ఆందోళనగా ఉంది" అంటే భయం. ఒకే మాట. పంట ధర గురించి ఆందోళన లేనివాడు ఢిల్లీ సరిహద్దులో చలికాలం అంతా ఆందోళన ఎందుకు చేస్తాడు? 124ఎ సెక్షన్ కింద ఉన్న రాజద్రోహం అనే మాట కూడా 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహితలో లేదు. రాజద్రోహం పోయి దేశద్రోహం వచ్చిందని మంత్రులే చెప్పారు. రాజు పేరు చెప్పి పట్టుకుంటే బాగీ అయ్యేవాడు, దేశం పేరు చెప్పి పట్టుకుంటే గద్దార్ అవుతాడు. ఏది నయమో అర్థం కాదు.

2011 మార్చి 10న ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగింది. ఆ రోజు లాఠీలు తిన్నవాళ్లు ఇవాళ ఉద్యమకారులు. రాష్ట్రం వచ్చింది కాబట్టి. 2020 జనవరి 4న అదే పేరుతో ఇందిరా పార్క్ ధర్నా చౌక్ దగ్గర పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా జనం చేరారు. వాళ్లకు తెలుగులో ఇంకా ఏ పేరూ స్థిరపడలేదు. ఉర్దూ అఖ్బార్లు మాత్రం ఆ రోజున జరిగినదాన్ని ‘ఎహ్తెజాజ్’ అన్నాయి. నిరసనకు ఉర్దూలో వాడే మాట అది. హుజ్జత్ నుంచి వచ్చింది. హుజ్జత్ అంటే దలీల్, వాదన, రుజువు. నిరసన తెలపడమంటే నా దగ్గర రుజువుంది, విను అనడం. ఆ హుజ్జత్ కూడా ఎప్పుడో తెలుగులోకి వచ్చేసింది, పనికిమాలిన జగడం అనే అర్థంతో. ధర్నా చౌక్ దగ్గర వ్యాన్ ఎక్కించేటప్పుడు కానిస్టేబుల్ అనేది ఆ మాటే: "హుజ్జత్తు చెయ్యకు, ఎక్కు."